నడిపి చెరువు మత్తడి దుంకితే కింది ఊరికి ముందే తెలియాలె – ఏ సెన్సర్, ఏడ పెట్టాలె?

దుందుభి_ఒడ్డు
ఊరు కల్వకుర్తి దిక్కు, దుందుభిలో కలిసే వాగు పక్కన ఉంటది. పైన గొలుసుకట్టు చెరువులు మూడు. నడిపి చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లన్నీ మా కాజ్‌వే మీదికెళ్లే పోతయి. పగలైతే ఎవరో ఒకరు చూసి ఫోన్ చేస్తరు. రాత్రి పూట ఎవరికీ తెల్వదు, బండ్ల మీద వచ్చేటోళ్లు సక్కగ నీళ్లలకే దిగుతరు. పంచాయతీ తరఫున నీటిమట్టం సెన్సర్, సైరన్ పెడదామని అనుకుంటున్నం. ఒక కంపెనీ కాజ్‌వే కాడ కెమెరా, ఎల్‌ఈడీ బోర్డు పెడ్తమని కొటేషన్ ఇచ్చింది, పంచాయతీ పైసలు దానికి సాలవు. మనమే చేసుకుంటే ఏమేం కావాలె? కాజ్‌వే కాడనా, చెరువు కాడనా?

మత్తడి_మనిషి
చెరువు కాడ. కాజ్‌వే కాడ పెడితే నీళ్లు వచ్చినంక నీళ్లొచ్చినయని చెప్తది. దాన్ని హెచ్చరిక అనరు.

వలిగొండ_వంతెన
కెమెరా జోలికి పోకండి. రాత్రి వానల ఇన్‌ఫ్రారెడ్ లైటు చినుకుల మీద పడి తిరిగొస్తది, తెల్ల చుక్కలు తప్ప ఏం కనబడదు. పైగ సాలీళ్ల బెడద. పొద్దున చూస్తే లెన్సు ముందర గూడే ఉంటది.

లోరా_నల్గొండ
మత్తడి_మనిషి మాట కరెక్టు. చెరువు కాడ ఒక డబ్బా, ఊర్లె ఒక డబ్బా. సామాన్లు రాస్తున్న, రాసుకోండి.

చెరువు కాడ: ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రామ్ నడిపే చిన్న కంప్యూటర్), జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అల్ట్రాసోనిక్ సెన్సర్ (నీళ్లు తగిలినా పాడుకానిది), డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్, లోరా మాడ్యూల్ (టవర్ లేకుంట దూరం పోయే రేడియో), 10 వాట్ల సోలార్ ప్యానెల్, 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ గంటల) బ్యాటరీ, చార్జ్ కంట్రోలర్. ఊర్లె: ఇంకో ఈఎస్‌పీ32, ఇంకో లోరా, 4జీ మాడ్యూల్, యాంప్లిఫయర్, హార్న్, దానికి వేరే బ్యాటరీ.

లోరా కొనేటప్పుడు జాగ్రత్త. షాపుల చవకగ దొరికే ఆర్‌ఏ-02 433 మెగాహెర్ట్జ్‌ది. మన దేశంల ఆరుబయట లోరాకు లైసెన్స్ లేకుంట వాడుకునే బ్యాండ్ 865 మెగాహెర్ట్జ్ నుంచి మొదలైతది, అందుకని ఆర్‌ఏ-01హెచ్ తీసుకోండి. యాంటెన్నా బిగించకుంట కరెంటు ఇచ్చి సిగ్నల్ పంపితే మాడ్యూల్ కాలిపోతది. నడుమ గుట్ట అడ్డం లేకపోతే, రెండు యాంటెన్నాలు చెట్ల కన్నా పైకి ఉంటే, చేన్ల మీదుగ నాలుగైదు కిలోమీటర్లు సులువుగ పోతది.

ఉష్ణోగ్రత సెన్సర్ ఎందుకంటరా? అల్ట్రాసోనిక్ కొలిచేది శబ్దం పోయి వచ్చిన టైము. గాలి వేడెక్కితే శబ్దం వేగం డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతది. మధ్యాహ్నం 38 డిగ్రీలుండి, వాన రాత్రి 22కు దిగితే, 3 మీటర్ల దూరం మీద 8 సెంటీమీటర్ల దాకా తేడా. చెరువు మత్తడి కాడ 8 సెంటీమీటర్లంటే చిన్న ముచ్చట కాదు.

దుందుభి_ఒడ్డు
సిమ్‌తోనే నేరుగ చెరువు కాడి నుంచి మెసేజ్ పంపితే లోరా ఎందుకన్నా?

లోరా_నల్గొండ
పంపొచ్చు తమ్మీ. కానీ గట్టి వానకు కరెంటు పోయిందంటే టవర్ బ్యాటరీ కొన్ని గంటలే ఉంటది. సరిగ్గ అవసరమున్నప్పుడే సిగ్నల్ పోతది. లోరాకు నడుమ ఎవరి టవరూ అక్కర్లేదు. ఊర్లె హార్న్‌కు సిగ్నల్ లోరా మీద, బయట ఊర్లోళ్లకు మెసేజ్ 4జీ మీద. రెండూ ఉండాలె.

దేవరకొండ_ఎలక్ట్రీషియన్
4జీ అన్నడు కాబట్టి ఒక మాట. చాన మంది ఆన్‌లైన్ వీడియోలు చూసి సిమ్800ఎల్ కొంటరు. అది 2జీ, జియో సిమ్ పెడితే నెట్‌వర్కే పట్టదు. ఎయిర్‌టెల్ 2జీ సిమ్‌తో పనిచేస్తది గాని, సిగ్నల్ పంపే క్షణంల 2 ఆంపుల దాకా గుంజుతది. సన్న వైర్లు, చిన్న అడాప్టర్ పెడితే వోల్టేజ్ పడిపోయి రీస్టార్ట్ అయితనే ఉంటది. 4.0 వోల్టుల సప్లయ్, మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలె. దానికన్నా ఏ7670సీ లాంటి 4జీ మాడ్యూల్ మేలు.

బ్యాటరీ లెక్క కూడ చెప్త. చెరువు కాడి డబ్బా నిద్రపోయి లేచి పనిచేస్తే సగటున 20 మిల్లీ ఆంపులు. రోజుకు అర ఏహెచ్. లెడ్ యాసిడ్ బ్యాటరీల సగమే వాడుకోవాలె, అంటే మూడున్నర ఏహెచ్, వారం రోజులు ఎండ లేకున్నా నడుస్తది. హార్న్ లెక్క వేరే. యాంప్లిఫయర్ పూర్తి గొంతుతో మోగితే 4–5 ఆంపులు లాగుతది. అదీ ఇదీ ఒకే బ్యాటరీ మీద పెట్టొద్దు.

కోదాడ_కాల్వ
ఇంత ఎలక్ట్రానిక్స్ ఎందుకు? నాలుగు ఇంచుల పీవీసీ పైపు నిలబెట్టి, లోపల మూడు ఎత్తులల్ల మూడు ఫ్లోట్ స్విచ్‌లు వేలాడదీస్తే అయిపోతది. ఫ్లోట్ లేస్తే స్విచ్ కలుస్తది, లైటు వెలుగుతది. వేడి లెక్క లేదు, ప్రోగ్రామ్ లేదు.

లోరా_నల్గొండ
కోదాడ_కాల్వ, ఫ్లోట్ నీళ్లు వచ్చినయని చెప్తది, ఎంత జోరుగ పెరుగుతున్నయో చెప్పదు. 15 నిమిషాలల్ల 10 సెంటీమీటర్లు పెరిగిందంటే పై చెరువు తెగి ఉండొచ్చు. అది ఫ్లోట్‌కు తెల్వదు.

మత్తడి_మనిషి
ఇద్దరిదీ పెట్టుకోండి. ఫ్లోట్ ఒకటి మత్తడి గట్టు కన్నా అడుగు ఎత్తుల, సెన్సర్‌తో సంబంధం లేకుంట నేరుగ లోరా డబ్బాకు. అల్ట్రాసోనిక్ పాడైనా అది మోగిస్తది. పైపు అడుగున, పక్కన రంధ్రాలు కొట్టి జాలి కట్టాలె, లేకపోతే గుర్రపుడెక్క, చెత్త చేరి ఫ్లోట్ ఇరుక్కుంటది.

ఇప్పుడు అసలు సంగతి: సెన్సర్ ఏడ నిలబెట్టాలె. మత్తడి మీద సరిగ్గ పెట్టొద్దు. నీళ్లు దుంకే కాడ పైమట్టం కిందికి వంగుతది, కొలత తక్కువ చూపిస్తది. తూము గద్దె కాడ నీళ్లు నిలకడగ ఉంటయి, అక్కడ ఇనుప బ్రాకెట్ కొట్టి నీళ్ల మీదికి మీటరు దూరం చాపాలె. గోడకు దగ్గరగుంటే ఆ గోడ మీదే శబ్దం తగిలి తిరిగొస్తది. ఆ సెన్సర్‌కు 25 సెంటీమీటర్ల లోపల ఏం కనబడదు, కాబట్టి చెరువు ఎంత నిండినా నీళ్లకు సెన్సర్‌కు అరమీటరు ఎడం ఉండాలె. కొలతల సున్నా అనేది చెరువు అడుగున కాదు, మత్తడి గట్టు పైఅంచు కాడ పెట్టాలె. నీరటిని (చెరువు నీళ్లు చూసుకునేటోణ్ని) అడిగినా, ఇంజినీర్‌ను అడిగినా "మత్తడి మీద ఎంత పోతుంది" అనే అంటరు. లెక్క కూడ అదే ఉండాలె.

దుందుభి_ఒడ్డు
మత్తడి మీద ఎంత పోతే కాజ్‌వే మునుగుతదో ఎట్ల తెలుస్తది?

మత్తడి_మనిషి
లెక్క ఉంది. సెకనుకు పోయే ఘనమీటర్లు = 1.7 × మత్తడి పొడుగు × (మత్తడి మీద నీళ్ల ఎత్తు, ఒకటిన్నర ఘాతం). మత్తడి 30 మీటర్లనుకో. మీద 30 సెంటీమీటర్లు పోతే సుమారు 8.4 ఘనమీటర్లు, అంటే దగ్గర దగ్గర 300 క్యూసెక్కులు. ఎత్తు రెండింతలై 60 సెంటీమీటర్లయితే నీళ్లు రెండింతలు కాదు, 2.8 ఇంతలు, అంటే 840 క్యూసెక్కుల దాకా. జనం మోసపోయేది ఈడనే. "పొద్దున అడుగు పోయింది, ఏం కాలే, ఇప్పుడు రెండడుగులేగా" అనుకుంటరు.

కాజ్‌వే పైపుల నుంచి ఎంత పోతదో తెలుసుకోనీకి పోయిన ఏడాది గుర్తులు చూడు. నీళ్లు ఎక్కడి దాకా వచ్చినయో గోడల మీద మరక ఉంటది. ఈ వానాకాలం మత్తడి మీది ఎత్తు, కాజ్‌వే మీదికి నీళ్లెక్కిన టైము పక్కపక్కన రాసుకో. నాలుగైదు సార్లు రాస్తే నీ ఊరి పట్టిక నీకే తయారైతది.

వలిగొండ_వంతెన
ఆ పట్టిక పద్ధతి మూసీ మీద కూడ అదే. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిండ్రని వార్త వస్తే, ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని గంటలకు అని రాసుకోవాలె. సంగెం భీమలింగం కాడ, జూలూరు–రుద్రవెల్లి లో లెవల్ బ్రిడ్జి కాడ నీళ్లు ఎప్పుడు పెరిగినయో రాసుకోవాలె. కానీ గేట్ల లెక్క ఒక్కటే నమ్మొద్దు. హైదరాబాద్ నగరంల పడ్డ వాన గేట్లతో సంబంధం లేకుంట నాలాల నుంచి నేరుగ మూసీల పడుతది. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దిక్కు 32 సెంటీమీటర్ల వాన పడ్డది. అట్లాంటి నాడు ఏ గేటు ఎత్తకున్నా కింద వరదే.

ఆలంపూర్_తుంగ
పెద్ద నదికీ చెరువుకూ తేడా ఉంది. కృష్ణ, తుంగభద్ర ఒడ్డున ఉన్నవాళ్లు సొంత సెన్సర్ పెట్టుకోవాల్సిన పని లేదు. కేంద్ర జల సంఘం వాళ్ల ఫ్లడ్‌వాచ్ యాప్‌లో స్టేషన్ వారీగా నీటిమట్టం, హెచ్చరిక మట్టం, ప్రమాద మట్టం కనిపిస్తాయి. ఎగువ ప్రాజెక్టుల విడుదల లెక్క చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ.

మా దిక్కు ప్రమాదం పై నుంచే కాదు, కింది నుంచి కూడా వస్తుంది. 2009 అక్టోబర్‌లో శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 అడుగులు దాటాయి. కింద నీళ్లు కదలకపోతే పై నుంచి వచ్చేవి ఊళ్ల మీదికి పరుచుకుంటాయి. అందుకే సంగమం దగ్గర ఉన్న ఊళ్లు ఎగువ తుంగభద్ర లెక్కతో పాటు శ్రీశైలం మట్టం కూడా చూడాలి.

కోదాడ_కాల్వ
కాల్వ గండి సంగతి ఎవరూ చెప్పరేంది? 2024 సెప్టెంబర్ మొదట్ల నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం కాడ సాగర్ ఎడమ కాల్వకు గండి పడ్డది. వాన హెచ్చరికల అది ఉండదు. కట్ట ఏడ తెగుతదో ఏ యాప్ చెప్తది?

మత్తడి_మనిషి
చెరువుకైతే దారి ఉంది. ప్రోగ్రామ్‌ల పెరుగుదలే కాదు, తగ్గుదల కూడ చూడమనాలె. చెరువు మామూలుగ మత్తడి మీదికెళ్లి, తూము నుంచి మెల్లగ తగ్గుతది. వాన కొడుతుండగ 15 నిమిషాలల్ల 10 సెంటీమీటర్లు దిగిందంటే అది గండే. ఆ హెచ్చరిక అన్నిటి కన్నా పెద్దది, వేరే ఎవరినీ అడగకుంట సైరన్ మోగాలె.

కానీ గండికి ముందు బుంగ పడుతది. కట్ట వెనక తేట నీళ్లు ఊరుతే కొంచెం టైమున్నట్టు, బురద నీళ్లు వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకపోతున్నట్టు. దాన్ని చూసేది మనిషి కన్నే. గట్టి వాన నాడు కట్ట మీద టార్చ్‌తో ఇద్దరు తిరగాలె. సెన్సర్ ఉంది కదాని నీరటిని మానిపిస్తే ఊరికి మీరే గండి కొట్టినట్టు.

పాలమూరు_పత్తి
ఇదే సైరన్ పిడుగులకు కూడా పనికొస్తుందా? పత్తి చేన్లలో కూలీలు పది పదిహేను మంది గుంపుగా ఉంటారు, అందరి దగ్గరా కీప్యాడ్ ఫోన్లే. పిడుగుల సంగతి చెప్పే దామిని యాప్ ఎవరి దగ్గరా లేదు.

దేవరకొండ_ఎలక్ట్రీషియన్
ఏఎస్3935 అని పిడుగుల చిప్ ఉంటదక్కా, 40 కిలోమీటర్ల దాకా పసిగడుతది. దాన్ని పెట్టొచ్చు.

లోరా_నల్గొండ
ఊర్లె పెట్టకు దాన్ని. బోరు మోటర్ స్టార్టర్ కొట్టిన ప్రతిసారి, చేను చుట్టు కరెంటు కంచె టక్కుమన్న ప్రతిసారి పిడుగనే అంటది. రెండు రోజులు ఉత్తగ మోగితే మూడో రోజు ఎవరూ పట్టించుకోరు. దామినియే నయం. అది పుణె వాతావరణ సంస్థ వాళ్ల సెన్సర్ల నెట్‌వర్క్ మీద నడుస్తది, నీ చుట్టు 20, 40 కిలోమీటర్ల వలయంల పిడుగులు చూపిస్తది. ఊర్లె ఒక్కరి ఫోన్ల ఉంటే చాలు, ఆయన మైకుల చెప్తడు.

పాలమూరు_పత్తి
మైకు చేను దాకా వినబడదు. గుంపు మేస్త్రికి ఫోన్ చేయడమే దారి. ఫోన్ కూడా లేకుంటే మెరుపుకు, ఉరుముకు నడుమ లెక్కపెట్టుకోవాలి. 30 లోపల ఉరిమితే పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకో, డోర్లు మూసిన కారులోకో పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట బయటికి రావద్దు. ట్రాక్టర్ ట్రాలీ కింద కూర్చోవడం చాలా చోట్ల అలవాటు, అది మానిపించాలి.

మత్తడి_మనిషి
అన్నిటికీ ఒకే సైరన్ అంటే నేను ఒప్పుకోను. వరద సైరన్ వింటే జనం ఇంట్ల నుంచి బయటికొచ్చి ఎత్తుకు పోవాలె. పిడుగు సైరన్ వింటే ఇంట్లకు పోవాలె. ఒకే మోత మోగితే సగం మంది ఉల్టా చేస్తరు.

లోరా_నల్గొండ
అందుకే మోత కాదు, మాట పెట్టాలె. డీఎఫ్‌ప్లేయర్ మినీ అని చిన్న బోర్డు ఉంటది. మెమరీ కార్డు ఫ్యాట్32ల ఫార్మాట్ చేసి, ఎంపీ3 అనే ఫోల్డర్ల 0001, 0002, 0003 అని పేర్లు పెట్టి మాటలు రికార్డ్ చేయాలె. ఐదు సెకన్ల సైరన్, తర్వాత ఊరోళ్లకు తెలిసిన గొంతుతో: "నడిపి చెరువు మత్తడి రెండడుగులు దుంకుతుంది. కాజ్‌వే దాటొద్దు. వాగు ఒడ్డు ఇండ్లోళ్లు బడికి రావాలె." పదిహేను సెకన్లు దాటొద్దు. మూడు సార్లు తిరిగి చెప్పాలె. "అప్రమత్తంగా ఉండవలెను" లాంటి మాటలు వద్దు. ఏం చేయాలో, ఏడికి పోవాలో చెప్పకపోతే జనం కిటికీల నుంచి చూసి మళ్ల పండుకుంటరు.

కార్యదర్శి_గారు
మూడు మెట్లు పెట్టుకోండి. మత్తడి గట్టుకు 15 సెం.మీ. కింద ఉండగా ముగ్గురికి ఫోన్: సర్పంచ్, కార్యదర్శి, నీరటి. మత్తడి మీద 20 సెం.మీ. పోతే మైకులో ప్రకటన, కాజ్‌వే రెండు వైపులా గొలుసు, రిఫ్లెక్టర్ డ్రమ్ములు. 50 సెం.మీ. దాటినా, 15 నిమిషాల్లో 10 సెం.మీ. పెరిగినా, తగ్గినా సైరన్. ఈ అంకెలు మీ పట్టిక తయారయ్యాక మార్చుకోండి. మట్టం అటూ ఇటూ ఊగుతుంటే సైరన్ మోగి ఆగి మోగకుండా, దిగేటప్పుడు 5 సెం.మీ. తక్కువకు వచ్చాకే రద్దయ్యేలా రాయించండి.

ముగ్గురి సిమ్‌లు వేర్వేరు కంపెనీలవి అయ్యుండాలి. రాత్రి మెసేజ్ ఎవరూ చూడరు, మాడ్యూల్ కాల్ చేయాలి. చెరువు కట్ట మీద ఏదైనా బిగించే ముందు నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)కి అర్జీ పెట్టి అనుమతి తీసుకోండి. మూడో మెట్టు వచ్చిందంటే జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు ఎవరు ఫోన్ చేయాలో కూడా ముందే పేరు రాసి పెట్టండి.

దుందుభి_ఒడ్డు
గవర్నమెంట్‌ది ఫోన్లకు పెద్ద శబ్దంతో వచ్చే మెసేజ్ ఉంది కదా. అది ఉండంగ ఇదంతా కావాల్నా అని మావోళ్లు కొందరు అడుగుతున్నరు.

కార్యదర్శి_గారు
సెల్ బ్రాడ్‌కాస్ట్ అది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, సీ-డాట్ కలిసి చేసింది. 2023లో పరీక్ష మెసేజ్‌లు వచ్చాయి. నంబర్లతో పని లేదు, ఆ టవర్ కింద ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి వస్తుంది, రద్దీలో ఇరుక్కోదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉందో లేదో ఊళ్లో ఒక్కొక్కరిది చూడండి. మొదటిసారి మోగినప్పుడు భయపడి ఆపేసినవాళ్లు ఉంటారు.

కానీ అది జిల్లాకు, మండలానికి వచ్చే హెచ్చరిక. మీ నడిపి చెరువు పేరు దానిలో ఉండదు. ఆరెంజ్, రెడ్ రంగు వచ్చిన రాత్రి మీ డబ్బా బ్యాటరీ చూసుకోవాలని గుర్తుచేస్తుంది, అంతవరకు దానితో పని.

పాలమూరు_పత్తి
వాన కొలిచే యంత్రం కూడా పై చెరువు దగ్గర పెడితే ఇంకా ముందే తెలుస్తుంది కదా?

మత్తడి_మనిషి
తెలుస్తది. టిప్పింగ్ బకెట్ (నిండంగనే బోర్లే చిన్న గిన్నె) రకం పెట్టండి, ఒక్కో తిప్పుకు 0.2 మిల్లీమీటర్లు. గరాటు అడ్డం 20 సెంటీమీటర్లయితే ఒక మిల్లీమీటర్ వాన 31.4 మిల్లీలీటర్లు. సరి చూడాలంటే 314 మిల్లీలీటర్ల నీళ్లు సన్నగ, చుక్కచుక్కగ పోయాలె. 50 తిప్పులు రావాలె. తేడా వస్తే కింది స్క్రూలు తిప్పి సరిచేయాలె. పక్క చెట్టు, గోడ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంల పెట్టాలె. మండలం లెక్క తెలంగాణ ప్రణాళిక సంస్థ ఆటోమేటిక్ స్టేషన్ల నుంచి ఆన్‌లైన్‌ల ఎట్లాగు వస్తది, దాంతో పోల్చి చూడొచ్చు.

దేవరకొండ_ఎలక్ట్రీషియన్
పిట్టలు ఆ గరాటునే ఎంచుకుంటయి. రెట్ట ఎండి రంధ్రం మూసుకపోతే ఎంత వాన పడ్డా సున్నా చూపిస్తది. అంచు చుట్టు పైకి మేకుల్లెక్క ప్లాస్టిక్ ముళ్లు పెట్టాలె.

కోదాడ_కాల్వ
ఇదంతా పెట్టినంక రెండేండ్లకు ఏమైతదో తెలుసా? సిమ్ రీచార్జ్ ఎవరూ చేయరు. అన్నిటికన్నా ముందు పోయేది అదే.

లోరా_నల్గొండ
అది నిజం. దానికి మందు: డబ్బా పది నిమిషాలకోసారి "బతికున్న" అని సిగ్నల్ పంపాలె. ముప్పై నిమిషాలు రాకపోతే ఊర్లె డబ్బా మీద ఎర్రలైటు వెలిగి, ముగ్గురికి ఫోన్ పోవాలె. ఊర్లె సిమ్ చచ్చినా లైటు వెలుగుతది, దాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు బయట అందరికీ కనబడేటట్టు పెట్టాలె. డబ్బా మౌనంగ ఉంటే అంతా బాగుందని అనుకోవద్దు.

కార్యదర్శి_గారు
రీచార్జ్‌ను పంచాయతీ కరెంటు బిల్లుతో పాటు ఏడాదికోసారి తీర్మానంలో రాసేయండి. నెలకోసారి పగలు పరీక్ష మోగించండి, ముందురోజు చెప్పి. ఊరందరి నంబర్లకు ఒకేసారి మెసేజ్ పంపాలంటే డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (గుంపు మెసేజ్‌లకు టెలికాం నమోదు) కావాలి, దాని జోలికి మొదట్లోనే పోకండి.

దుందుభి_ఒడ్డు
హార్న్ ఎన్ని కావాలె? ఊరు కొస నుంచి కొసకు కిలోమీటరున్నర.

దేవరకొండ_ఎలక్ట్రీషియన్
ఒకటి చాలదు. మీటరు దూరంల 120 డెసిబెళ్లున్న హార్న్ 100 మీటర్లకు 80, 400 మీటర్లకు 68. దూరం రెండింతలైన కొద్దీ ఆరు తగ్గుతనే ఉంటది. రేకుల ఇంటి మీద గట్టి వాన పడితే లోపల 70 దాటుతది, ఇగ ఏం వినబడుతది? మూడు పెట్టు, మూడు చోట్ల. మొదటిది వాగు ఒడ్డు ఇండ్ల కాడ. వాటర్ ట్యాంక్ మీద ఒక్కటి పెడితే సరిపోతదని ఎవరన్నా అంటే వినకు.

వలిగొండ_వంతెన
కాజ్‌వే కాడ రాళ్లకు అడుగు అడుగుకు రిఫ్లెక్టర్ టేప్ అంటియ్యండి, ఎర్రది 30 సెంటీమీటర్ల కాడ. పారే నీళ్లు అర అడుగుంటే మనిషి కాలు నిలవదు, అడుగుంటే చిన్న కారు తేలుతది, రెండడుగులకు జీపులు కూడ కొట్టుకపోతయి. బండి లైటుకు ఆ ఎర్ర గీత మునిగిందో లేదో కనబడుతది.

దుందుభి_ఒడ్డు
మొత్తం ఎంత పడొచ్చు?

లోరా_నల్గొండ
కూలి లేకుంట చెరువు డబ్బా, ఊరి డబ్బా కలిపి పదిహేను వేల లోపల అయితది. హార్న్‌లు, యాంప్లిఫయర్, ఇనుప పని వేరే. కొన్నప్పుడు అల్ట్రాసోనిక్ సెన్సర్లు రెండు కొని ఒకటి బీరువాల పెట్టు. దాని తీగ రెండున్నర మీటర్లు, అతుకుపెట్టి పెంచితే కొలతలు తప్పుతయి, డబ్బానే సెన్సర్ దగ్గరికి తీసుకపో. ఒక్క కొలత నమ్మకు. అలలుంటయి, నురుగుంటది. పదకొండు సార్లు కొలిచి, వరుసగ పేర్చి, నడిమి అంకె తీసుకోమని రాయి.

దేవరకొండ_ఎలక్ట్రీషియన్
హార్న్ మూతి కొంచెం కిందికి వంచి బిగియ్యి తమ్మీ. పైకి చూస్తే వాన నీళ్లు నిండి లోపలి డయాఫ్రమ్ పోతది.

పాలమూరు_పత్తి
మూతికి సన్న జాలి కూడా కట్టండి, కందిరీగలు గూడు పెడతాయి.